ఏఎస్సై సారు నవ్వు

రాత్రి పదకొండున్నర దాటింది. రేపు పొద్దున రికార్డు అప్పగించాలి. ఆ పని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను, ఎందుకంటే మధ్యాహ్నం క్లాసులో, మాతో పాటే చదువుకుంటున్న రిటైరైన ఏఎస్సై సారు నవ్విన నవ్వు రాత్రి అన్నం ముందు కూర్చున్నా నన్ను వదల్లేదు.

ఈ రోజు సెమినార్ వంతు నాది, అంశం జీరో ఎఫ్‌ఐఆర్, అంటే నేరం తమ పరిధిలో జరగకపోయినా స్టేషన్‌లో నమోదు చేసే ఎఫ్‌ఐఆర్. మేడం బాగుందన్నారు, ఇద్దరు జూనియర్లు నోట్సు అడిగి తీసుకున్నారు. సంతోషం అంతవరకే.

నేరం ఎక్కడ జరిగినా సరే, ఏ స్టేషన్‌కు వెళ్లినా ఫిర్యాదు తీసుకోవలసిందేనని 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన, నేర విచారణ పద్ధతి చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోందని, ‘జీరో’ అనే మాట మాత్రం ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదని, ఫోన్‌లోనో మెయిల్‌లోనో పంపిన ఫిర్యాదుపై మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలని వరుసగా చెప్పుకుంటూ వచ్చాను. చివర్లో కాస్త గొంతు పెంచి, నమోదు చేయని అధికారికి, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష పడుతుందని అన్నాను. అప్పుడు నవ్వారాయన. నోరు తెరవలేదు, భుజాలు ఒక్కసారి కదిలాయి, చూపు పెన్ను మూత మీద నిలిచింది. అంతే.

ఈయనతో నా గొడవ కొత్తది కాదు. పదవీ విరమణ తర్వాత చదువుకోవాలనిపించడం గొప్ప విషయమే, నేనూ కాదనను. కానీ మేము ఏది చదివినా ‘స్టేషన్ల గట్ల గాదు బిడ్డా’ అని తీసిపారేయడం ఏమిటి? పోయిన వారం జనసమూహాల నియంత్రణ గురించి పాఠం మొదలైన ఐదు నిమిషాలకే పదహారు మేడారం జాతరల బందోబస్తు కథలు ఎత్తుకుని, జంపన్న వాగు దగ్గర తప్పిపోయిన పిల్లలను ఎలా పట్టుకొచ్చారో చెబుతూ గంటంతా తినేశారు. పరీక్షలో ఆ కథలు రాస్తే మార్కులు ఎవరిస్తారు? వినడానికి బాగున్నాయన్నది వేరే సంగతి.

అయినా ఆ నవ్వు ఇంతగా గుచ్చుకోవడానికి కారణం ఆయన ఒక్కరే కాదు. బాపు బండి.

అది 2012 వేసవి, నా ఎనిమిదో తరగతి అప్పుడే అయిపోయింది. స్టాండులో పెడితే ఐదు రూపాయలు అడుగుతారని బాపు బండిని రైల్వే స్టేషన్ గోడ బయట వేపచెట్టు కింద పెట్టి రైలెక్కాడు, సాయంత్రం దిగేసరికి అక్కడ చెట్టు మాత్రమే ఉంది. ఏ ఊరో ఇక్కడ రాయను. ఇంట్లో నా చేతిరాతే గుండ్రంగా ఉంటుందని ఫిర్యాదు నాచేత రాయించాడు. బడిలో నేర్చుకున్న లేఖారచన పద్ధతిలో కుడివైపు తేదీ వేసి, ‘గౌరవనీయులైన’ అని మొదలుపెట్టి, ఆ మాట కింద గీత కూడా గీశాను. పట్టణ పోలీసులు చదివి, అది రైల్వే స్థలమని, రైల్వే పోలీసుల దగ్గరికి పొమ్మన్నారు. వాళ్లు గోడ ఇవతలిది తమది కాదన్నారు. ప్రతిసారీ పైన చిరునామా మారాలి కాబట్టి కాగితం మొత్తం తిరిగి రాయవలసి వచ్చేది, అలా నోటుబుక్కులోంచి మూడు కాగితాలు చించాను. మూడోసారి నేనూ వెంట వెళ్లాను. ఎదురుగా కూర్చున్న మనిషి కాగితం చదవకుండానే ఆర్‌సీ జిరాక్సును వేలితో పక్కకు జరిపి, ‘దొరికితే చెప్తం’ అన్నాడు. ఎఫ్‌ఐఆర్ కాపీ లేనిదే ఇన్సూరెన్సు వాళ్లు కదలరు. స్టేషన్‌లో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపే దారి అప్పటి చట్టంలోనూ ఉందని మాకు చెప్పినవారు లేరు. నమోదు తప్పనిసరి అని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది 2013 నవంబరులో. అప్పటికి మా ఫిర్యాదు మూడు ప్రతులూ అటక మీదికి చేరాయి.

కాబట్టి 199 గురించి చెప్పేటప్పుడు నేను క్లాసుకు చెప్పలేదు, ఆ ఆర్‌సీ జిరాక్సును జరిపిన వేలికి చెప్పాను. ఆ మాటకు ఎవరైనా నవ్వితే కోపం రాదా?

ఇంతవరకూ రాసి, ఆయన మీద గెలవాలనే పుస్తకం తెరిచాను. 199వ సెక్షన్ అన్ని నేరాలకూ వర్తించదు. అత్యాచారం, యాసిడ్ దాడి, మనుషుల అక్రమ రవాణా వంటి కొన్ని నేరాల సెక్షన్ నంబర్లను అక్కడ విడివిడిగా రాశారు, ఆ నేరాల సమాచారాన్ని నమోదు చేయకపోతేనే ఆ శిక్ష. దొంగతనం ఆ జాబితాలో లేదు. రెండుసార్లు చదివాను, వేలు పెట్టి మరీ చదివాను. అంటే ఆయన నవ్వింది నా తప్పుకు. ముప్పై ఆరేళ్లు ఆ కుర్చీల్లో కూర్చున్న మనిషికి ఏ సెక్షన్ తన దాకా వస్తుందో, ఏది రాదో తెలియకుండా ఎలా ఉంటుంది?

తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. మరి అక్కడే చెప్పొచ్చు కదా? ‘బిడ్డా, అది అన్నింటికీ గాదు’ అంటే సరిపోయేది, నేను దిద్దుకునేదాన్ని. పదహారు జాతరలు చెప్పడానికి నోరుంది గాని ఈ ఒక్క వాక్యానికి లేకపోయింది. లేకపోతే అందరి ముందు నా పరువు తీయడం ఇష్టంలేక ఊరుకున్నారేమో! ఆ ఆలోచన ఇప్పుడే వచ్చింది, అది నాకు ఏమాత్రం నచ్చలేదు.

ఇందాక నీళ్లకు లేచిన బాపును ఆ బండి ఏ నెలలో పోయిందని అడిగితే, నెల చెప్పకుండా బండి నంబరు మొత్తం అప్పజెప్పి, ‘ఐదు రూపాయలకు సూసుకున్న’ అన్నాడు. పదమూడేళ్లయినా ఆయన లెక్కలో తప్పు ఆ ఐదు రూపాయలదే, కాగితం తీసుకోనివాళ్లది కాదు. నాకు దీని మీద వచ్చిన కోపం ఏఎస్సై సారు మీద వచ్చినదానికన్నా ఎక్కువ.

2012లో ఆయన ఏ స్టేషన్‌లో చేశారో రేపు అడగాలని ఉంది. అడిగితే చెబుతారు, అదే భయం. ముందు రికార్డులో మూడో పేజీ తిరగరాయాలి. నీలం పెన్ను అయిపోయింది, ఇంకొకటి తమ్ముడి బ్యాగులో ఉంటుంది, ఆ బ్యాగేమో వాడి తల కింద ఉంది.