హావ్‌లాక్‌లో స్కూబా: ఒక్కో డైవ్ ఎంత పడుతుంది

సిలిండర్ గాలి పీలుస్తూ సముద్రం లోపలికి దిగే స్కూబా నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందు అడిగేది కోర్సు ఫీజు. అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో ఏ డైవ్ షాపులో అడిగినా ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సుకి 28 వేల నుంచి 35 వేల రూపాయల లోపు ఏదో ఒక అంకె చెప్తారు. ఈ సరదాలో ఎక్కువ డబ్బు వెళ్లేది అక్కడ కాదు. విమానానికి, అక్కడ ఉండే రోజులకి, ఆ పైన ఏటేటా మళ్లీ నీళ్లలోకి దిగడానికి వెళ్తుంది. అందుకే ఈ యాత్రని ఖర్చుతో కలిపే రాస్తున్నాను. ధరలన్నీ సుమారుగా చెప్తున్నవే. సీజన్‌ని బట్టి అటూ ఇటూ అవుతాయి గానీ లెక్క వేసే తీరు మారదు.

హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి విమానంలో రెండున్నర గంటల ప్రయాణం. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు, జనం మాత్రం ఇంకా పాత పేరే వాడుతున్నారు. రెండు నెలల ముందే కొంటే రానూపోనూ 14 వేలకి టికెట్ దొరుకుతుంది, డిసెంబరు సెలవుల్లో 20 వేలు దాటుతుంది. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది గానీ అరుదుగా తిరుగుతుంది, రెండున్నర రోజులు పడుతుంది. సెలవు కొద్దిగా ఉన్నవాళ్లకి కుదరదు.

పోర్ట్ బ్లెయిర్‌లో భాష ఇబ్బంది లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, జంగ్లీఘాట్ వైపు మరీను. హాడో జెట్టీకి ఎంత తీసుకుంటావు బాబూ అని తెలుగులోనే ఆటో బేరం చేసుకోవచ్చు. ప్రైవేటు ఫెర్రీలు హాడో నుంచి, ప్రభుత్వ ఫెర్రీలు ఫీనిక్స్ బే నుంచి బయల్దేరతాయి. ఈ రెండు జెట్టీల్ని కలిపేసుకుంటే పడవ తప్పిపోతుంది. ప్రైవేటు ఫెర్రీ గంటన్నర నుంచి రెండున్నర గంటలు తీసుకుంటుంది, ఒకవైపు 1,600 దాకా. ప్రభుత్వ ఫెర్రీ చాలా చవక, కాకపోతే టికెట్ దొరకడం కష్టం.

హావ్‌లాక్‌ని 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అంటున్నారు. బీచ్‌లకి అంకెలే పేర్లు. డైవ్ షాపులు ఎక్కువగా 3వ నంబరు బీచ్ నుంచి 5వ నంబరు దాకా ఉన్న రోడ్డు మీదే ఉంటాయి, కాబట్టి గది అక్కడే తీసుకోవడం మేలు. 7వ నంబరు రాధానగర్ బీచ్ అందం వేరే, కానీ అది దీవికి అవతలి వైపు. పొద్దున 6 గంటలకల్లా షాపులో ఉండాల్సిన వాళ్లకి అది దూరాభారం. ఫ్యాన్ గది 1,800, తిండి రోజుకి 800 అనుకోండి. రాత్రికి మొత్తం 2,600. దేశమంతటికీ ఒకే గడియారం కావడంతో ఇక్కడ చలికాలంలో పొద్దున అయిదున్నరకల్లా వెలుగు వచ్చేస్తుంది, సాయంత్రం అయిదు దాటగానే చీకటి. రోజంతా ముందుకి జరిగి నడుస్తుంది, పడవలు కూడా అంతే.

పాఠాల భాగం ఇంట్లోనే పూర్తి చేసుకుని వెళ్లండి. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ప్యాడీ అయినా, ఎస్.ఎస్.ఐ. అయినా ఆన్‌లైన్ పాఠాలకి పది పన్నెండు గంటలు పడుతుంది. దీవిలో కూర్చుని చదివితే ఒక రోజు పోయినట్టే, అంటే 2,600 పోయినట్టే. ఆరోగ్య ప్రశ్నపత్రం కూడా ముందే తెప్పించుకుని చూసుకోవాలి. ఉబ్బసం, బీపీ, షుగర్, చెవి ఆపరేషన్, గుండె జబ్బు లాంటి వాటిలో ఒక్కదానికి అవునని రాసినా డాక్టరు సంతకం లేకుండా నీళ్లలోకి దింపరు. ఆ సంతకం మన ఊళ్లో తీసుకోవడం తేలిక. దీవికి వెళ్లాక దాని కోసం తిరిగితే కోర్సు రోజులు కరిగిపోతాయి.

షాపువాళ్లని ఫీజు గురించి ఇలా అడగండి: ఆన్‌లైన్ పాఠం, సర్టిఫికెట్ ఫీజు అందులోనే ఉన్నాయా, పడవ ఖర్చు ఉందా, జీఎస్టీ కలిపారా, ఒక ఇన్‌స్ట్రక్టర్ కింద ఎంతమంది ఉంటారు. చివరి ప్రశ్నే అన్నిటికంటే విలువైనది. నియమం ప్రకారం సముద్రంలో ఒక్కరి కింద ఎనిమిది మంది దాకా ఉండొచ్చు. నలుగురికి మించితే నేర్చుకునే సమయంలో సగం మోకాళ్ల మీద కూర్చుని మన వంతు కోసం ఎదురుచూడటానికే సరిపోతుంది. 4 వేలు ఎక్కువైనా ఇద్దరు ముగ్గురికి ఒక ఇన్‌స్ట్రక్టర్ ఉన్న చోటే చేరమంటాను. మిగతా ఖర్చుల్లో కోత పెట్టుకోవచ్చు, ఇందులో వద్దు.

మొదటి రోజు లోతు తక్కువ నీళ్లలో సాధన. 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, పది నిమిషాలు తేలాలి. ఈదడానికి సమయం లెక్క లేదు, ఏ పద్ధతైనా పరవాలేదు. తర్వాత మాస్కులోకి నీళ్లు రానిచ్చి ముక్కుతో ఊది బయటికి పంపడం, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ జారిపోతే వెతికి పట్టుకోవడం, గాలి అయిపోతే పక్కవాళ్ల రెండో రెగ్యులేటర్ అందుకోవడం. తడబాటు ఎక్కువగా కనిపించేది మాస్కు దగ్గరే. ముక్కుతో పీల్చే అలవాటు నీళ్లలో కూడా పోదు. ఇంట్లో బకెట్‌లో ముఖం ముంచి, స్నార్కెల్ గొట్టంతో నోటి ద్వారా మాత్రమే శ్వాస తీసుకునే సాధన వారం రోజులు చేస్తే ఈ భయం చాలావరకు తీరుతుంది. ఖర్చు వెయ్యి రూపాయల స్నార్కెల్ ఒక్కటే.

ఆ సాధనకీ, తొలి డైవ్‌లకీ నీమో రీఫ్ లాంటి చోట ఒడ్డు నుంచే నడిచి దిగుతారు. ఆటుపోట్లని బట్టి సమయం మారుతుంది కాబట్టి రేపు ఎన్నింటికని ఈ రోజు సాయంత్రం చెప్తారు. దానికి సర్దుకునేలా ఫెర్రీ టికెట్లు పెట్టుకోవాలి. కోర్సులో సముద్రపు డైవ్‌లు నాలుగు. పూర్తయ్యాక 18 మీటర్ల దాకా దిగే అర్హత వస్తుంది.

ఈ నాలుగింటిలో ఏదైనా చెడితే అది చాలాసార్లు చెవుల దగ్గరే చెడుతుంది. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు అవుతుంది. చెవిలోని గాలి ఎక్కువగా కుంచించుకుపోయేది మొదటి కొన్ని మీటర్లలోనే కాబట్టి నొప్పి మొదలవకముందే, మీటరు మీటరుకీ, ముక్కు మూసి మెల్లగా ఊదాలి. నొప్పి వచ్చాక గట్టిగా ఊదితే చెవిపొర దెబ్బ తింటుంది. ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. జలుబు ఉంటే ఆ రోజు దిగకూడదు. ముక్కు దిబ్బడ తగ్గించే మందు వేసుకుని దిగితే నీళ్లలో ఉండగా దాని పని అయిపోయి, పైకి వచ్చేటప్పుడు గాలి చెవిలో ఇరుక్కుంటుంది. అందుకే కోర్సుకి నాలుగు రోజులైతే ఐదు రోజులు పెట్టుకోమంటాను. ఆ అదనపు రోజు ఖర్చు 2,600. అది లేక కోర్సు సగంలో ఆగితే మళ్లీ విమానం టికెట్ కొనాలి.

మొత్తం మీద కోర్సు యాత్ర లెక్క ఇలా తేలుతుంది. కోర్సు 32,000. విమానం 14,000. ఫెర్రీలు 3,200. ఏడు రాత్రులకి 18,200. స్కూటర్ అద్దె, చిల్లర ఖర్చులు 2,500. సుమారు 70 వేలు. చేతిలో సర్టిఫికెట్ కార్డు ఉంటుంది, ఖాతాలో నాలుగు డైవ్‌లు ఉంటాయి.

ఇంత పెట్టేముందు మనకి ఇది పడుతుందో లేదో తెలుసుకోవాలంటే రుషికొండలోనో, పుదుచ్చేరిలోనో ఒక పరిచయ డైవ్ చేసి చూడొచ్చు. మన తీరంలో నీటి స్పష్టత రోజుని బట్టి మారుతుంది, అండమాన్ నీళ్లతో పోల్చకూడదు. మాస్కు, చెవులు, నోటి శ్వాస మనకి ఒప్పుతాయా అన్నది మాత్రం అక్కడ తెలిసిపోతుంది. పాఠాలు, స్విమ్మింగ్ పూల్ సాధన హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ముగించి, సముద్రపు డైవ్‌లు నాలుగూ వేరే చోట చేసే రిఫరల్ పద్ధతి కూడా ఉంది. అది ఏడాది లోపు వాడుకోవాలి.

కోర్సు అయ్యాకే అసలు హావ్‌లాక్ తెరుచుకుంటుంది. పడవ మీద పొద్దున వెళ్లి రెండు డైవ్‌లు చేసి మధ్యాహ్నానికి తిరిగి వచ్చే ఫన్ డైవ్‌కి సుమారు 6 వేలు, గేర్‌తో సహా. డైవ్ చేసే చోట్లలో అక్వేరియం అనేది కొత్తవాళ్లకి సుఖమైనది. ది వాల్ గోడలా కిందికి దిగిపోతుంది, లోతు మీద కన్ను వేసి ఉంచాలి. జానీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్ ఇంకా లోతువి. వాటిని సరిగా చూడాలంటే 30 మీటర్ల అర్హతనిచ్చే అడ్వాన్స్‌డ్ కోర్సు కావాలి, మరో 25 వేలు దాటుతుంది. చేపల గుంపులు, మెత్తటి పగడాలు, అదృష్టం ఉంటే రీఫ్ సొరచేపలు కనిపించేవి ఈ లోతైన చోట్లలోనే. అయినా అడ్వాన్స్‌డ్ వెంటనే చేయొద్దు. ఇరవై డైవ్‌ల తర్వాత చేస్తే అదే ఫీజుకి రెట్టింపు నేర్చుకుంటారు.

ఇక్కడే డైవ్‌కి ఎంత అన్న లెక్క పనికొస్తుంది. రెండు డైవింగ్ రోజుల చిన్న యాత్రకి వెళ్లామనుకోండి. విమానం, ఫెర్రీలు 17,200. నాలుగు రాత్రులు 10,400. నాలుగు డైవ్‌లు 12,000. మొత్తం 39,600, ఒక్కో డైవ్ 9,900. అదే ఐదు డైవింగ్ రోజులు ఉంటే 17,200 అలాగే ఉంటుంది, ఏడు రాత్రులు 18,200, పది డైవ్‌లు 30,000. మొత్తం 65,400, ఒక్కో డైవ్ 6,540. పది డైవ్‌ల ప్యాకేజీకి షాపులు కాస్త తగ్గిస్తాయి కూడా. ఏడాదికి రెండు చిన్న యాత్రల కంటే ఒక పొడుగాటి యాత్ర ఎక్కువ డైవ్‌లు ఇచ్చి తక్కువ తింటుంది. కోర్సు కాగానే సామాన్ల మీద పడేవాళ్లు ఈ లెక్క ముందు వేసుకోవాలి.

సామాన్లు కొనడం తప్పని నేను అనను, వరుస తప్పితేనే నష్టం. మొదట మాస్కు, 3 వేల నుంచి 6 వేలు. తల పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో కొంచెం పీల్చాలి. చేయి వదిలినా నిలిచి ఉంటే అది మీ ముఖానికి సరిపోయినట్టు. మీసం ఒత్తుగా ఉన్నవాళ్లకి ముక్కు కింద నుంచి నీళ్లు కారతాయి. ఆ చోట సన్నటి గీతలా కత్తిరించడమో, సిలికాన్ గ్రీజు రాయడమో చేయాలి. కొత్త మాస్కు అద్దం లోపల తయారీలో మిగిలిన సన్నపొర ఉంటుంది, టూత్‌పేస్ట్‌తో రెండు మూడుసార్లు రుద్ది కడగకపోతే ప్రతి డైవ్‌లోనూ మసకబారుతుంది. కళ్లద్దాలు వాడేవాళ్లు పవర్ అద్దాలు బిగించే రకం తీసుకోవాలి.

రెండోది డైవ్ కంప్యూటర్, మొదటి శ్రేణివి 20 వేల నుంచి 28 వేలు. మన ఒంట్లో చేరిన నైట్రోజన్ లెక్క పెట్టేది అదే. రోజుకొకరి చేతికి మారే అద్దె కంప్యూటర్‌లో మన నిన్నటి డైవ్‌లు ఉండవు. తర్వాత బూటీలు, ఫిన్‌లు, 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్. రెగ్యులేటర్, గాలి నింపి వదిలి తేలడం, మునగడం సర్దుకునే బీసీడీ జాకెట్ ఆఖరికి. ఆ రెండూ కలిపి 70, 80 వేలు, రెగ్యులేటర్ సర్వీసు ఏటా మరికొన్ని వేలు. సొంత గేర్ తెచ్చుకున్నవాళ్లకి షాపు రోజుకి 500 తగ్గించినా ఏడాదికి ఐదు రోజుల మీద 2,500. సర్వీసు ఖర్చు కూడా రాదు. పైగా అన్నీ కలిపితే 12 కిలోలు దాటుతాయి, దేశీయ విమానంలో 15 కిలోల పరిమితి దానికే సరిపోతుంది.

డబ్బు పెట్టకుండానే డైవ్ నిడివి పెంచుకునే దారి ఒకటుంది, అది నీళ్లలో మునగడానికి కట్టుకునే సీసపు బరువు సరిచూసుకోవడం. ఇక్కడ వాడే 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో 200 బార్ (ఒత్తిడి కొలత) గాలి, అంటే 2,200 లీటర్లు. 50 బార్ మిగుల్చుకుని పైకి రావాలి కాబట్టి వాడుకునేది 1,650 లీటర్లు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి ఒత్తిడి మూడు రెట్లయ్యే 20 మీటర్ల లోతులో 60 లీటర్లు వాడతాడు. సుమారు 27 నిమిషాలు వస్తుంది. 15 లీటర్లకి తగ్గించుకుంటే 36 నిమిషాలు. అదే ఫీజుకి తొమ్మిది నిమిషాలు ఎక్కువ. గాలి తినేసే మొదటి కారణం అవసరానికి మించిన సీసపు బరువు. బరువు ఎక్కువైతే బీసీడీలో గాలి నింపాలి, నడుము కిందికి జారి ఏటవాలుగా ఈదాలి, కాళ్లు ఎక్కువ కొట్టాలి. సరిచూసుకోవడం ఇలా: నిలువుగా తేలుతూ బీసీడీ గాలంతా వదిలేసి, మామూలు శ్వాస పట్టి ఉంచితే నీళ్లు కళ్ల మట్టానికి రావాలి, వదిలితే మునగాలి. నిండు సిలిండర్‌తో చూస్తే ఆ పైన ఇంకో రెండు కిలోలు కలుపుకోవాలి, ఎందుకంటే డైవ్ చివర గాలి అయిపోయిన అల్యూమినియం సిలిండర్ తేలిక పడి మనల్ని పైకి లాగుతుంది.

డైవింగ్ బీమా తీసుకోండి. మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటిలో స్కూబా ఉండదు, ఉన్నా లోతు పరిమితి ఉంటుంది. ఒంట్లో చేరిన నైట్రోజన్ బుడగలు కట్టడం వల్ల వచ్చే డికంప్రెషన్ జబ్బుకి కావాల్సిన ఒత్తిడి చాంబర్ హావ్‌లాక్‌లో లేదు, పోర్ట్ బ్లెయిర్‌లోని నౌకాదళ ఆసుపత్రికి వెళ్లాలి. ఆఖరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి, నేను 24 పెట్టుకుంటాను. ఆ రోజుని సెల్యులర్ జైలుకి, రాస్ దీవికి కేటాయిస్తే వృథా కాదు.

తిరిగి వచ్చేముందు లాగ్‌బుక్‌లో ప్రతి డైవ్‌కీ బరువు ఎన్ని కిలోలు, ఏ సూట్, ఏ సిలిండర్, మొదట్లో ఎన్ని బార్, చివర ఎన్ని బార్, లోతు, నిమిషాలు రాసి షాపు ముద్ర వేయించుకోండి. వచ్చేసారి ఏ షాపుకి వెళ్లినా ముందు అడిగేది చివరి డైవ్ ఎప్పుడని. ఆరు నెలలో ఏడాదో దాటితే పాత సాధనలు మళ్లీ చేయించే రిఫ్రెషర్ చేయమంటారు, దానికి 4 వేల పైచిలుకు. అంత గ్యాప్ వస్తే అది కట్టాల్సిన డబ్బే. అక్టోబరు నుంచి మే లోపు, వీలైతే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఏటా ఒకే సమయానికి వెళ్లేలా సెలవు పెట్టుకుని, టికెట్ డిసెంబరులోనే కొనేయండి.