మార్స్ కాలనీకి పట్టాలు

తీరిక దొరికినప్పుడల్లా నేను తయారు చేస్తున్న మార్స్ కాలనీ గేమ్‌లోకి ఇప్పుడు రైళ్లు వస్తున్నాయి. ఇన్నాళ్లూ సరుకంతా రోవర్లే మోసేవి, డోములు (మనుషులు ఉండే గాజు గుమ్మటాలు) రెండో మూడో ఉన్నంతవరకు అవి చాలు కూడా. కానీ గని ఒక మూల, మంచు ఇంకో మూల పడిన మ్యాప్‌లో ఆడేవాళ్లు కాలనీ కట్టడం మానేసి రోవర్లు తోలుకుంటూ కూర్చోవాల్సి వస్తోంది.

ఇలాంటిదే సర్వైవింగ్ మార్స్ అనే గేమ్ 2018లో వస్తే, దానికి రైళ్లు 2022 డిసెంబర్‌లో మార్షియన్ ఎక్స్‌ప్రెస్ అనే ప్యాక్‌తో గానీ రాలేదు. అప్పటిదాకా దూరాలకు షటిళ్లు, అంటే ఎగిరి సరుకు మోసే బండ్లు ఉండేవి. షటిల్‌కి ఇంధనం ఉంటే చాలు, కింద గుట్ట ఉందా గొయ్యి ఉందా దానికి అనవసరం. రైలు అలా కాదు, ఒకసారి పట్టాలు వేశాక కాలనీ వాటి వెంటే పెరగాలి. నాకు రైలు కావాల్సింది అందుకే. ఇంకో రకం షటిల్‌లా ఉండేటట్టయితే పెట్టడమే దండగ.

వైజాగ్‌లో ఉంటూ ఇలాంటి లైన్ గురించి ఆలోచిస్తే కేకే (కొత్తవలస-కిరండూల్) లైనే గుర్తొస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి ఎగుమతి చేయడం కోసం 1960ల్లో తూర్పు కనుమలు తొలిచి వేసిన లైన్ అది. అరకు వెళ్లేవాళ్లం సొరంగాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాం గానీ ఆ లైన్ బతికేది గూడ్స్ మీద. ఆ లైన్‌లోని శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది, పోర్టేమో సముద్రం ఒడ్డున. ఖాళీ రేకులు (ఒక గూడ్స్ బండికి తగిలించిన వ్యాగన్ల వరుసని రేక్ అంటారు) కొండెక్కుతాయి, నిండువి దిగుతాయి. అక్కడ గూడ్స్ నడిపిన మా మావయ్య "ఎక్కేటప్పుడు ఇంజిన్ చూసుకుంటుందిరా, దిగేటప్పుడే మనకి టెన్షన్" అనేవారు.

మార్స్ మీద ఆ టెన్షన్ ఇంకా పెరుగుతుంది. అక్కడ గురుత్వాకర్షణ మన దగ్గరున్నదాంట్లో 38 శాతమే, బరువు తగ్గుతుంది కాబట్టి రైలుకి హాయి అనిపిస్తుంది, కానీ బరువుతో పాటు పట్టా మీద చక్రానికి ఉండే పట్టు కూడా తగ్గిపోతుంది, ఖనిజం ద్రవ్యరాశి మాత్రం ఎంతుందో అంతే. అంటే చదును నేల మీద అదే వేగంలో బ్రేకేస్తే బండి ఆగడానికి ఇక్కడికంటే రెండున్నర రెట్లకు పైనే దూరం కావాలి. గాలి ఒత్తిడి మన దాంట్లో ఒక శాతం కూడా లేదు, కాబట్టి గాలి కూడా ఆపదు. విచిత్రంగా ఎక్కగలిగే వాలు మాత్రం పెద్దగా మారదు, ఎందుకంటే పట్టు ఎంత తగ్గిందో వెనక్కి లాగే బరువూ అంతే తగ్గింది. అందుకే నా గేమ్‌లో కొండలకు అడ్డు పెట్టలేదు, సిగ్నళ్ల మధ్య దూరం పెంచాను. రెండు సిగ్నళ్ల మధ్య ఒక్క బండే ఉండాలి కాబట్టి ఒక లైన్ మీద బండ్లు తక్కువే పడతాయి, క్రాసింగ్ కోసం లూప్ లైన్ (ఒక బండి పక్కకి తప్పుకుని ఆగే పట్టా) ఎక్కడ వేయాలో తలబద్దలు కొట్టుకోవాల్సిందే.

నాకు బాగా నచ్చిన భాగం కరెంటు. దిగే రైలు మోటార్లు కరెంటు తయారు చేసి లైన్‌లోకి తిరిగి పంపగలవు. మార్స్ మీద ఒక టన్ను సరుకు కిలోమీటరు ఎత్తు దిగితే, నష్టాలు తీసేయకముందు, దాదాపు ఒక యూనిట్ వస్తుంది. 2018లో గ్రహమంతా కమ్మేసిన దుమ్ము తుఫానులో ఎండ అందక నాసా వాళ్ల సోలార్ రోవర్ ఆపర్చునిటీ మూగబోయింది కదా, గేమ్‌లో కూడా అలాంటి తుఫాను వస్తే సోలార్ పడిపోతుంది, అప్పుడు కొండమీద నిండు రేకులు దాచుకున్నవాళ్లు ఒక్కోటీ దించుకుంటూ డోముల్లో దీపాలు నిలబెట్టుకోవచ్చు.

ప్రయాణికుల బండ్లు తర్వాత. వాటికి పెద్ద డోము స్టేషన్‌ని మన వైజాగ్ జంక్షన్‌లా, ఇంజిన్ అటునుంచి ఇటు మార్చి మళ్లీ బయలుదేరేలా కట్టాలా, లేక దువ్వాడలా ఊరి బయటే ఆపి పంపేయాలా అన్నది ఆడేవాళ్లకే వదిలేస్తున్నాను. ప్రస్తుతం రెండు బండ్లు ఎదురైతే ఏది లూప్‌లోకి వెళ్లాలో తేల్చే కోడ్ రాస్తున్నాను, నిండు రేకుకే దారి ఇవ్వాలని నా ఉద్దేశం.