ఆరు నిమిషాల లెక్క

మా నాన్న కందుకూరు కోర్టులో ప్లీడరు గుమస్తా. నేను నెల్లూరులో లా చదివి, లాయరుగా ఎన్‌రోల్ అయ్యాక ఏడాదిపాటు ఒక సీనియర్ దగ్గర వాయిదాలు అడుక్కుంటూ తిరిగి, ఆ తర్వాత హైదరాబాద్‌లో ఒక పెద్ద లా ఫర్మ్‌లో చేరాను. ఇంటర్వ్యూ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కాంట్రాక్ట్ యాక్ట్ 73వ సెక్షన్ అడిగారు, చెప్పాను, ఇంగ్లీషు తడబడింది, అయినా తీసుకున్నారు.

రాత్రి రెండింటిదాకా పని ఉంటుందట కదా అని అందరూ అడుగుతారు. ఉంటుంది. డీల్ క్లోజింగ్ వారంలో ఆఫీసులోనే తెల్లారిన రోజులూ ఉన్నాయి. కానీ నన్ను ఏడిపించింది అది కాదు, టైమ్‌షీట్.

అక్కడ గంటను పది ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క ఆరు నిమిషాలు, 0.1 అని రాయాలి. మెయిల్ చదివితే 0.1, ఫోన్ మాట్లాడితే 0.2, ఏ క్లయింటుకి, ఏ ఫైలు మీద, ఏం చేశావో రోజూ నింపాలి. క్లయింటుకి బిల్లు వేసేది ఆ లెక్క చూసే. మా నాన్న రాసే డైరీలో కేసు నంబరు, వాయిదా తేదీ, దేనికి వేశారు, అంతే ఉండేది. ప్లీడరు గారు ఎంతసేపు ఆలోచించారో పార్టీకి ఎందుకు? నాకేమో ఒక్క క్లాజు అర్థం కాక గంట కూర్చుంటే ఆ గంట రాయడానికి సిగ్గు. మూడు గంటల పనికి ఒకటిన్నర వేసేదాన్ని. మూడో నెలలో సీనియర్ అసోసియేట్ పిలిచి, నీకు పని చాలట్లేదా అని అడిగింది! విషయం చెబితే, పట్టినంతా రాయి, కోయాలో వద్దో పార్ట్‌నర్ చూసుకుంటారు, అది నీ పని కాదు అంది. ఈ ఒక్క మాట చేరిన రోజే చెప్పి ఉంటే మూడు నెలల టెన్షన్ తప్పేది.

తర్వాత మా వైపు భూముల ఫైలు ఒకటి వచ్చింది. ఏదో కంపెనీ కొంటోంది, టైటిల్, అంటే అమ్మేవాళ్ల హక్కు సరిగ్గా ఉందో లేదో చూడాలి. "నీది ఆ ఊరే కదా" అని నాకిచ్చారు. ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి పోవాల్సిందే. పోయి 1968 నాటి క్రయ దస్తావేజు నకలు తీయించాను. చేతిరాత, సగం అక్షరాలు వెలిసిపోయాయి. హద్దుల్లో పడమర "పో. డొంక" అని ఉంది. పో అంటే ఇంటిపేరు అనుకుని, పక్క పొలం ఫలానా డొంక గారిది అని డ్రాఫ్టులో రాసేశాను. రాత్రి అన్నం తిన్నాక నాన్న ఆ కాగితం కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని, "మనిషి కాదమ్మా, పోరంబోకు డొంక" అని నవ్వాడు. అంటే పడమర ప్రభుత్వ భూమి, సర్వే చేయించకుండా కొనకూడదు. రిపోర్టులో ఆ పేజీ మొత్తం మార్చాల్సి వచ్చింది.

రిపోర్టు పంపాక పార్ట్‌నర్ నుంచి ఇంకో ప్రశ్న. 1968 కాగితంలో నెల్లూరు జిల్లా, 1994 దాంట్లో ప్రకాశం జిల్లా, అప్పుడు తీసిన ఈసీలో మళ్లీ నెల్లూరు, ఇవన్నీ ఒకే భూమివేనా? మా ఊళ్లో టీకొట్టు దగ్గర ఎవరినడిగినా చెబుతారు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు కందుకూరు తాలూకా నెల్లూరు నుంచి అందులోకి పోయింది, ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు, 2022 ఏప్రిల్లో మళ్లీ మమ్మల్ని నెల్లూరులో కలిపారు. కానీ ఢిల్లీలో కూర్చున్న క్లయింటుకి టీకొట్టు మాట చాలదు కదా, ప్రభుత్వ ఉత్తర్వులు వెతికి జతచేసి నోట్ తయారు చేసేసరికి మూడు గంటల నలభై నిమిషాలు. ఈసారి సిగ్గుపడకుండా 3.7 వేశాను. పార్ట్‌నర్ 1.5కి కోశారు. నాకేం బాధ అనిపించలేదు, కోసేది ఆయనే కదా.

ఇంటికి ఫోన్ చేసి చెబితే నాన్న కాసేపు మాట్లాడలేదు. "జిల్లా మారిందని చెప్పినదానికి కూడా బిల్లా?" అన్నాడు. ఆ వెంటనే, "మరి పోరంబోకు అని చెప్పినోడికి ఎంతమ్మా?"