కొత్త కెమెరాతో విశాఖలో రెండు రోజులు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మరబోట్ల వేటను 61 రోజులపాటు నిలిపివేస్తారు. ఆ రోజుల్లో వస్తే ఫిషింగ్ హార్బరులో కట్టేసిన పడవలు తప్ప మరేమీ కనబడవనీ, మార్చి నెలాఖరుకే బయలుదేరి రమ్మనీ విశాఖపట్నంలో ఉంటున్న మా మేనల్లుడు ఫోనులో తొందరపెట్టాడు. వాడు పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తాడు. నేను రాజమహేంద్రవరంలో లెక్కలు రాసుకునే ఉద్యోగిని. యాభై రెండేళ్ళ వయసులో, ఇంట్లో ఎవరూ అడగకపోయినా, 24 మెగాపిక్సెళ్ళ మిర్రర్‌లెస్ కెమెరా ఒకటీ, దానితో వచ్చే 18-55 మిల్లీమీటర్ల కిట్ లెన్సూ కొన్నాను. అమ్మిన కుర్రవాడు మీటను ‘ఆటో’ దగ్గర పెట్టి, “ఇంక మీరేం చూసుకోనక్కర్లేదు సార్” అన్నాడు. నెల రోజులు నేను నిజంగానే ఏమీ చూసుకోలేదు. ఫొటోలు కూడా అలాగే వచ్చాయి.

రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్కన కూర్చుని, కెమెరాతో వచ్చిన పుస్తకాన్ని మొదటిసారి శ్రద్ధగా చదివాను. అన్నవరం దాటేసరికి నన్ను నెల రోజులుగా వేధిస్తున్న ఒక చిక్కు విడిపోయింది. లెన్సులో వెలుతురు దూరే రంధ్రాన్ని ఎపర్చర్ అంటారు; దాని అంకె చిన్నదైతే రంధ్రం పెద్దదెలా అవుతుందన్నదే ఆ చిక్కు. ఆ అంకె భిన్నంలోని హారం మాత్రమేనని, లెన్సు నాభ్యంతరాన్ని, అంటే 18-55 అని మిల్లీమీటర్లలో చెప్పే ఆ కొలతను, దానితో భాగిస్తే రంధ్రం వ్యాసం వస్తుందని తెలిశాక లెక్కలవాడికి ఇక చెప్పవలసిందేముంటుంది? 2.8, 4, 5.6, 8, 11 అంటూ సాగే వరుసలో ఒక్కో మెట్టు ఎక్కినకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు సగమవుతుంది. వైశాల్యం సగం కావాలంటే వ్యాసాన్ని రెండు వర్గమూలంతో భాగించాలి కనుక ఆ అంకెలు అంత వంకరగా ఉన్నాయి. ఆ మెట్టునే ఫొటోగ్రాఫర్లు స్టాపు అంటారు.

ఆ సాయంత్రం రామకృష్ణా బీచికి వెళ్ళాము. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి లేచి ఊరి వెనుక కొండల్లోకి దిగుతాడు కాబట్టి, సాయంత్రం వేళ సముద్రం వైపు తిరిగి నిలబడితే వెలుతురు మన వీపు మీదుగా వచ్చి ఎదుటి వస్తువు మీద సూటిగా పడుతుంది. కొత్తగా నేర్చుకునేవాడికి ఇంతకంటే అనువైన వెలుతురు లేదని మేనల్లుడు అన్నాడు. ఇసుక మీద నిలిపిన కుర్సురా జలాంతర్గామిని తీశాను. దాని పొడవు 91 మీటర్లు. అంతా ఒక ఫ్రేములో పట్టాలంటే లెన్సును అన్నిటికంటే వెడల్పుగా చూసే 18 దగ్గర పెట్టి కూడా బాగా వెనక్కి నడవవలసి వచ్చింది. తీరా తెర మీద చూస్తే, కళ్ళకు నల్లగా నిగనిగలాడుతున్న ఓడ ఫొటోలో బూడిద పూసినట్టు పాలిపోయి ఉంది. తరువాత ఒడ్డున విరిగే అలను ఫ్రేము నిండా పట్టి తీశాను. పాలలాంటి నురగ కుడితి నీళ్ళలా వచ్చింది. నల్లనిది తెల్లబడి, తెల్లనిది నల్లబడిందంటే కెమెరాలో ఏదో లోపం ఉందనుకుని, దుకాణానికి వెళ్ళి పోట్లాడాలని కూడా నిశ్చయించుకున్నాను.

లోపం కెమెరాలో లేదు. వెలుతురును కొలిచే దాని మీటరుకు ఎదురుగా ఉన్నది ఓడో నురగో తెలియదు. కనిపించేదంతా కలిపి సరాసరి తీస్తే మధ్యస్థమైన బూడిదరంగు, అంటే పడిన వెలుతురులో సుమారు 18 శాతాన్ని వెనక్కి పంపే రంగు, వస్తుందని అది ముందే అనుకుంటుంది. నలుపును ఆ బూడిదరంగు దాకా లేపుతుంది, తెలుపును అక్కడికే దించుతుంది. లక్ష జీతగాడినీ పదివేల జీతగాడినీ కలిపి ఇద్దరికీ యాభై అయిదు వేలని రాసే గుమాస్తాలను నేను చూశాను. ఇది ఆ కోవలోదే. దీనికి దిద్దుబాటుగా ప్లస్సూ మైనస్సూ గుర్తులున్న మీట ఒకటి ఉంది. తెల్లని వస్తువుకు ప్లస్సు, నల్లని వస్తువుకు మైనస్సు తిప్పాలి. మొదట వినగానే తలకిందులుగా తోచినా, మీటరు చేసిన తప్పును మనం ఎదురు దిశలో సరిచేస్తున్నామని గుర్తుంచుకుంటే తికమక ఉండదు. మైనస్ ఒకటి పెట్టేసరికి కుర్సురా మళ్ళీ నల్లబడింది. ప్లస్ ఒకటితో నురగ తెల్లబడింది.

ఇక్కడ ఒక సంగతి రాయకుండా ఉండలేను. కుర్సురా నౌకాదళంలో చేరినది 1969 డిసెంబరు 18న. డిజిటల్ కెమెరాలకు మొదట కన్నుగా పనిచేసిన సీసీడీని విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ బెల్ ల్యాబ్స్‌లో ఊహించినది కూడా ఆ ఏడాదే, రెండు నెలల ముందు. ఓడ 2001లో కొలువు విరమించుకుని మరుసటి ఏడాది ఈ ఇసుక మీద ప్రదర్శనశాల అయింది; వారిద్దరికీ నోబెల్ బహుమతి రావడానికి 2009 దాకా పట్టింది. కైలాసగిరి మీద నుంచి కూడా ఇరవై ఫొటోలు తీశాను కానీ, ఆ రోజు మసకగా ఉండడంతో ఒక్కటీ ఉంచుకోదగ్గది కాలేదు.

మర్నాడు తెల్లవారుజామున అయిదు గంటలకే ఫిషింగ్ హార్బరుకు చేరాము. సంచిలోంచి కెమెరా తీయగానే లెన్సు మీద తెల్లని పొర కమ్మింది. రాత్రంతా ఏసీ గదిలో చల్లబడిన గాజుకు సముద్రతీరపు తడిగాలి తగలగానే ఆవిరి నీరుగా మారి అంటుకుంది. రుమాలుతో తుడవబోతే మేనల్లుడు చెయ్యి పట్టుకుని ఆపాడు. తుడిచినా మళ్ళీ కమ్ముతుందనీ, లెన్సు విప్పితే ఆ తడి లోపలికి కూడా పోతుందనీ, కెమెరా బయటి గాలితో సమానంగా వెచ్చబడేదాకా ఊరుకోవడమే మార్గమనీ చెప్పాడు. ఇరవై నిమిషాలు ఊరుకున్నాము. ఈలోగా మూడు బోట్లు వచ్చి సరుకు దింపుకున్నాయి.

వెలుతురు చాలని ఆ వేళ ఎపర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్‌ఓ అనే మూడు అంకెలూ ఒకదానితో ఒకటి బేరమాడుకోవడం చూశాను. ఎపర్చరును వీలైనంత తెరిచి 3.5 దగ్గర పెట్టాను. ఈ లెన్సులో అది 18 దగ్గరే సాధ్యం, 55కు జూమ్ చేస్తే 5.6కు ముడుచుకుపోతుంది. అందుకని దూరం నుంచి లాగకుండా మనుషుల దగ్గరికే నడిచాను. గంపలు మోసుకుంటూ పరుగులాంటి నడకతో పోయేవారిని నిలబెట్టాలంటే షట్టర్ స్పీడ్, అంటే షట్టరు తెరుచుకుని ఉండే సమయం, సెకనులో 125వ వంతుకు మించకూడదు. మిగిలిన లోటు, సంకేతాన్ని ఎంత పెంచాలో చెప్పే ఐఎస్‌ఓ భరించాలి. 100 నుంచి 3200కు పెంచితే అయిదు స్టాపులు. దానివల్ల సెన్సరు ఎక్కువ వెలుతురును పట్టుకోదు. పట్టుకున్న కాసింత సంకేతాన్నే పెద్దది చేస్తుంది, దానితోపాటు చుక్కలు చుక్కలుగా కనబడే దోషం కూడా పెద్దదవుతుంది. చుక్కలున్నా ఫొటో ఫొటోయేననీ, కదిలిపోయిన ఫొటోను ఎవరూ బాగుచేయలేరనీ మేనల్లుడి అభిప్రాయం. నాకూ అదే సబబనిపించింది.

వంజరాలను వరుసగా పేర్చి వేలానికి కూర్చున్న ఒక పెద్దామె నన్ను కాసేపు గమనించి, “ఏటి బాబూ, చేపలు కొంతావా, పొటోలు తీసుకుంతావా?” అని అడిగింది. రెండూ అన్నాను. నవ్వింది. ఆ నవ్వును తీసి, తెర మీద ఆమెకు చూపించి, కాగితం మీద వేయించి పంపిస్తానని మాట ఇచ్చాను.

అక్కడి నుంచి భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలకు వెళ్ళేసరికి ఎనిమిదయింది. సముద్రం ఒడ్డునే, వేల ఏళ్ళుగా గాలీ వానా పోగుచేసి, కోసి, గట్టులూ వాగులూగా మలచిన ఇసుక అది. ఇనుము ఆక్సైడు వల్ల ఆ ఎరుపు వచ్చింది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన ఈ దిబ్బలను మనవాళ్ళు చాలామంది సినిమా పాటల్లో చూసే ఉంటారు. నేను తీసిన మొదటి పది ఫొటోల్లో మాత్రం దిబ్బలు లేవు, తెల్లని వెలుగే ఉంది. ఐఎస్‌ఓను హార్బరులో పెట్టిన 3200 దగ్గరే మరిచిపోయాను. ఎపర్చర్ 5.6 దగ్గర ఆ ఎండకు సెకనులో పన్నెండువేలవ వంతు కావాలి. నా కెమెరా షట్టరుకు నాలుగువేలవ వంతే హద్దు. తెర మీద ఆ 4000 అంకె మినుకుమినుకుమంటూ హెచ్చరిస్తూనే ఉంది, నేనే అది ఏదో అలంకారమనుకున్నాను.

ఐఎస్‌ఓను 100కు దించాక దిబ్బలు కనబడ్డాయి కానీ, ఎరుపు లేదు. గోధుమపిండిలో కాస్త కారం కలిపినట్టుంది. మళ్ళీ అదే సరాసరి: ఫ్రేము నిండా ఎరుపే ఉండేసరికి, అది వెలుతురు దోషమని, రంగులను తనంతట తానే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ భావించి నీలం కలిపి విరిచేసింది. వైట్ బ్యాలెన్స్‌ను ‘ఎండ’ గుర్తు దగ్గరికి మార్చగానే, కళ్ళకు కనిపిస్తున్న ఎరుపు తెర మీదికి వచ్చింది. రెండు రోజుల్లో నాకు కలిగిన అతి పెద్ద సంతోషం ఆ క్షణమే. గట్ల నీడలు కురచబడేదాకా అక్కడే తిరిగాను. ఎండ నెత్తికెక్కాక దిబ్బల మడతలన్నీ చదునుగా కనబడతాయని మేనల్లుడు చెప్పకపోతే ఇంకా ఉండేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే వాడు మెనూ తిప్పి చూసి, “మావయ్యా, నువ్వు మొదట్నుంచీ ఒట్టి జేపెగ్‌లోనే తీస్తున్నావా?” అన్నాడు. జేపెగ్ అంటే కెమెరాయే దిద్ది, కుదించి ఇచ్చే ఫైలు; అందులో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. సెన్సరు పట్టుకున్నదాన్ని దిద్దకుండా దాచే ‘రా’ ఫైలులో, నా కెమెరాలో, 16,384. తరువాత దిద్దుకునే వీలంతా ఆ మెట్లలోనే ఉంది. అక్కడి నుంచి రెండూ కలిపి తీశాను. హార్బరు మాత్రం జేపెగ్‌లోనే మిగిలిపోయింది.

తిరుగు రైలులో నాలుగు వందల పన్నెండు ఫొటోలు చూసి, ముప్ఫై ఒకటి ఉంచుకున్నాను. పెద్దామె నవ్వును మొదటే ఉంచుకున్నాను. వారం తిరక్కుండానే మేనల్లుడు దాన్ని ప్రింటు వేయించి హార్బరుకు తీసుకువెళ్ళాడు. ఆమె చాలాసేపు చూసి, చేపలు బాగా వచ్చాయని చెప్పి, “నా మొకం నల్లగా వచ్చిందేటి?” అని అడిగిందట. ఆమె వెనుక ట్యూబులైటు వెలుగుతోంది. ముందురోజు సాయంత్రమే నేర్చుకున్న ప్లస్ మీటను ఆ హడావిడిలో నేను తాకనే లేదు. జేపెగ్‌లో ఆ ముఖాన్ని ఎంత పైకి తెచ్చినా చుక్కలే వస్తున్నాయి.

ఇప్పుడు వేట నిషేధం నడుస్తోంది. జూన్ 15 తరువాతి మొదటి ఆదివారానికి టిక్కెట్టు తీశాను.