అవ్వ ఒప్పుకున్న బ్రెడ్డు

మన రీయూనియన్ సంచికకి వ్యాసాలు అడిగితే మా బ్యాచ్‌లో సగం మంది లెక్కల మాస్టారి గురించి రాస్తామన్నారు. ఆయన సంగతి వాళ్లకే వదిలేసి నేను బేకరీ గురించి రాస్తున్నాను. బెంగళూరు వి.వి.పురంలో చదివి సజ్జన్‌రావు సర్కిల్ దాటకుండా ఇంటికెళ్లినవాళ్లు మనలో ఎవరున్నారు? 1953 నుంచి అక్కడున్న వి.బి. బేకరీ ముందు నిలబడి ఖారా బన్ను తినడం మనకి ఎనిమిదో పీరియడ్ లాంటిది.

మా ఇంట్లో జ్వరమొస్తే తప్ప బ్రెడ్డు కనిపించేది కాదు. అవ్వకి బేకరీ అంటేనే అనుమానం. "దాంట్లో గుడ్డు కొడతార్రా, గడప దాటనీయొద్దు" అనేది. అదే అయ్యంగార్లు, అంటే వైష్ణవ బ్రాహ్మలు, నడిపే బేకరీ పొట్లమని చెబితే మాత్రం, "ఆచార్లు చేసిందైతే సరేలే" అంటూ తనే ముందు ఒక ముక్క తుంచుకునేది. చిక్కపేట, వి.వి.పురం వైపు తెలుగిళ్లు చాలావాటిలో ఇదే తంతు. ఇంగ్లీషువాళ్ల తిండి మడి కట్టుకునే ఇళ్లలోకి రాగలిగిందంటే ఈ నమ్మకం వల్లే.

ఈ అయ్యంగార్ బేకరీల వెనక ఒక కుటుంబం ఉంది. కర్ణాటకలోనే హాసన్ వైపు నుంచి వచ్చిన హెచ్.ఎస్. తిరుమలాచార్ 1898లో చిక్కపేటలో బెంగళూరు బ్రదర్స్ బేకరీ పెట్టారు. అందరికీ బి.బి. బేకరీగా తెలిసింది అదే. ముందు మిఠాయిలు అమ్మేవారనీ, కొట్టుకి అలవాటుగా వచ్చే ఒక దొర బ్రెడ్డు కాల్చడం నేర్పాడనీ చెప్పుకుంటారు. నగరంలో ప్లేగు వచ్చిందీ ఆ ఏడాదే.

దొర నేర్పింది నేర్పినట్టే చేసుంటే ఆ బ్రెడ్డు దొరలుండే కంటోన్మెంట్‌లోనే ఆగిపోయేది. గుడ్డు తీసేసి, వంటింట్లో ఉన్నవన్నీ పిండిలోకి తేవడం వల్లే పేటలోకి వచ్చింది. ఖారా బన్నులో ఏముంది? మైదా, ఈస్టు, కాస్త తీపి, ఆపైన పచ్చిమిరపకాయ, కొత్తిమీర, కరివేపాకు, ఉల్లి. ఆచారం గట్టిగా పాటించే అయ్యంగార్ల ఇళ్లలో ఉల్లి తినరు, బన్నులో మాత్రం దండిగా వేస్తారు. వ్యాపారం వ్యాపారమే మరి! ఆ ఉల్లితోనే చిక్కు కూడా. ఉప్పు తగిలితే నీళ్లు వదులుతుంది, పిండి జారిపోతుంది. అందుకే తరుగుని చివర్లో కలిపి, ఎక్కువ నాననివ్వకుండా ఉండలు కట్టాలి. ట్రే బయటికి వచ్చేటప్పటికి పైన గోధుమరంగు మెరుపు, అక్కడక్కడా మాడిన ఉల్లి ముక్క. ఆ మాడిన ముక్క కోసమే మా బెంచీలో కొట్లాటలు జరిగేవి.

టోస్టు సంగతి వేరే. పెనం మీద వెన్న కరిగించి బ్రెడ్డు కాల్చి, మీద క్యారెట్టు, ఉల్లి మసాలా పరుస్తారు. పొట్లం కట్టిన కాగితం నిమిషంలో నూనె మరకలతో అద్దంలా అయిపోయేది. హనీ కేకు నాకు ఎప్పుడూ ఎక్కలేదు. పాకం, జామ్, కొబ్బరిపొడి, అంత తీపి ఎందుకో! ఆ మాటంటే మా బ్యాచ్ అమ్మాయిలు ఇప్పటికీ ఒప్పుకోరు.

ఒక కొట్టు ఇన్ని ఊళ్లకి ఎలా పాకింది? 1929లో ముంబైలో చౌహాన్ల కుటుంబం మొదలుపెట్టిన పార్లే దారి వేరు. ఒకే పేరు, ఒకే ప్యాకెట్, ఏ ఊళ్లో విప్పినా ఒకే రుచి. ఇక్కడ అలా కాదు. హాసన్ ప్రాంతం నుంచి చుట్టాలు, ఊరివాళ్లు వచ్చి పనిలో చేరారు, చేయి తిరిగాక వేరే పేటలో సొంత కొట్టు పెట్టుకున్నారు. వాళ్ల దగ్గర పనిచేసినవాళ్లు ఇంకో ఊరు పోయారు. హెడ్డాఫీసు లేదు. ముంబై, పుణె, హైదరాబాదుల్లో కనిపించే బోర్డుల మీద పేరు ఒకటే అయినా ఒక కొట్టుకీ ఇంకో కొట్టుకీ సంబంధం ఉండదు. నడిపేవాళ్లంతా అయ్యంగార్లు కూడా కారు. అందుకే ఒకచోట బన్ను దూదిలా ఉంటే ఇంకోచోట రాయిలా తగులుతుంది. కొన్నిచోట్ల ఎగ్ పఫ్ కూడా పెడుతున్నారు. అవ్వ చూస్తే బోర్డు దింపించేది. అయినా ఆ పేరు మీద ఎవరూ తాళం వేసుకుని కూర్చోకపోవడమే మంచిదైంది. వేసుంటే ఇది చిక్కపేటలో ఒక పాత కొట్టుగానే మిగిలేది.

రీయూనియన్ టీకి ఏం పెట్టాలని వాట్సాప్ గ్రూపులో ఇంకా తేలలేదట. కేటరర్ చెప్పే క్రీమ్ కేకులకి నేను ఒప్పుకోను. ఖారా బన్నులు చెప్పండి, పొద్దున్నవి కాకుండా సాయంత్రం ట్రేలవి తెప్పించండి, మర్నాటికి గట్టిపడతాయి. హనీ కేకు కావాలన్నవాళ్లు తమ డబ్బులతో తెచ్చుకోవాలని నా సవరణ.