ఊళ్లో మేస్త్రీ వేరు, కువైట్‌లో ఫోర్‌మన్ వేరు

ఉదయగిరి, ఆత్మకూరు, కలిగిరి వైపు నుంచి కువైట్ సైట్లకు వచ్చినవాళ్లలో కొందరు కొన్నేళ్లకు ఫోర్‌మన్ అవుతారు. చేతిపని బాగా వచ్చినందుకే ఆ పని దక్కుతుంది. దక్కాక మాత్రం చేతిపనితో పెద్దగా అవసరముండదు, ఇరవై మంది మనుషులతోనే అవసరం. ఊళ్లో మేస్త్రీ నోరు పారేసుకుంటే కూలీ మర్నాడు ఇంకో మేస్త్రీ దగ్గరికి పోతాడు. ఇక్కడ అకామా, అంటే దేశంలో ఉండే అనుమతి, కంపెనీ పేరు మీద ఉంటుంది. పోలేడు, తిట్లు పడతాడు. దాంతో కేకలేస్తేనే పని జరుగుతుందని కొత్త ఫోర్‌మన్‌కు అనిపిస్తుంది.

జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నిబంధన. కానీ మనిషి పడిపోయేది పదిన్నరకైనా కావచ్చు. ఎండకు అలవాటు లేని కొత్తవాడికి మొదటిరోజు ఎండపని మామూలు పనిలో 20 శాతం దాటకూడదు. తర్వాత రోజుకు ఇంకో 20 శాతం చొప్పున పెంచుకుంటూ పోవాలి. సెలవు నుంచి తిరిగొచ్చిన పాతవాడికి మొదటిరోజు సగం, రెండోరోజు 60, మూడోరోజు 80 శాతం. "రోహిణి కార్తెలో తిరిగినోళ్లం, మాకేందన్నా" అనేది మనవాళ్లే. రెండు నెలలు ఇంటిపట్టున ఉన్న ఒంటికి ఆ అలవాటు ఉండదు. దాహమయ్యేదాకా ఆగకుండా పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్లు తాగించాలి. క్యాను దూరంగా పెడితే ఎవరూ పోరు. ఫోర్‌మన్ ఏమంటాడోనని భయం. అందుకే ముందు ఫోర్‌మనే లేచి తాగాలి. ఎవరి మాటైనా తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా ఆగకూడదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి, మెడకూ చంకలకూ ఐసు పెట్టి 112కు ఫోన్ చేయాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు.

పొద్దున పని మొదలయ్యేముందు జాగ్రత్తలు చెప్పే పది నిమిషాల టూల్‌బాక్స్ మాటల్లో "సమజ్ అయిందా" అని అడిగితే అందరూ తల ఊపుతారు. దాన్ని నమ్మితే మధ్యాహ్నానికి తెలుస్తుంది. ఒకడిని పిలిచి, ఈరోజు ఏ పరంజా ఎక్కకూడదో వాడి నోటితోనే చెప్పించాలి.

ఇక అసలు నమ్మకం నిలిచేదీ పోయేదీ టైమ్‌షీట్ దగ్గర. చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48. ఓవర్‌టైమ్ రోజుకు 2 గంటలు మించకూడదు, దానికి పావు వంతు ఎక్కువ ఇవ్వాలి. వారపు సెలవున పిలిస్తే సగం ఎక్కువ, పైగా బదులు సెలవు. "ఈ రెండు గంటలు వచ్చే నెలలో కలుపుతాలే" అని సర్దేవాడు దుర్మార్గుడేం కాదు, ఇంజనీరుకు చెప్పలేనివాడు. కానీ ఊళ్లో రెండు లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు నాలుగు వేలు. అది వచ్చే నెలదాకా ఆగదు. ఏ రోజు గంటలు ఆ రోజే రాసి, మనిషికి చూపించి సంతకం తీసుకోవాలి. ఖాళీ షీటు మీద సంతకం పెట్టించకూడదు.

ఓవర్‌టైమ్ ఎవరికన్నది ఇంకో చిక్కు. "మనూరోడే కదన్నా" అని వింజమూరు కుర్రాడికి మూడుసార్లు ఇస్తే, బీహార్ వాళ్లూ బంగ్లాదేశ్ వాళ్లూ నోరెత్తరు గానీ లెక్క వేసుకుంటారు. ఆ తర్వాత తెగిన తాడు గురించి వాళ్లెవరూ వచ్చి చెప్పరు. వంతుల పట్టీ రాసి క్యాంపు గోడకు అంటిస్తే సగం గొడవ తగ్గుతుంది. మిగతా సగం మనూరోళ్ల అలక, పడాల్సిందే.

పైవాళ్లకు కాదని చెప్పాల్సి వచ్చినప్పుడు "కుదరదు సార్" అంటే సరిపోదు. స్లాబు రేపటికి కావాలంటే ఎంతమంది తక్కువ, ఏ సామాను రాలేదు, ఎప్పటికి అవుతుంది, ఈ మూడూ వాట్సాప్‌లో రాసి పంపాలి. నోటిమాటకు రేపు సాక్ష్యం ఉండదు.

ఫోర్‌మన్ సెలవు మీద నెల్లూరు బయల్దేరేముందు తన స్థానంలో ఉండేవాడికి అప్పజెప్పాల్సినవి మూడు: టైమ్‌షీట్ నకలు, ఓవర్‌టైమ్ పట్టీ, కొత్తగా దిగినవాళ్ల పేర్లు. ఎవరు ఎండలో ఎన్నో రోజు పనిలో ఉన్నారో పేరు పక్కనే రాసివ్వాలి.