రంజాన్ నెలలో మిర్చి కోతలు, ఉష్ర్ (పంట మీద ఇచ్చే దానం) లెక్క: నా అనుభవం

చాంద్రమానాన్ని అనుసరించే రంజాన్ నెల ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది కనుక, రైతు కుటుంబంలో ఉపవాసాలు ఏ పనుల మధ్యకు వస్తాయన్నది కాలంతో పాటు మారుతూ ఉంటుంది. 2015లో అది జూన్ మూడో వారంలో మొదలైంది. అప్పటికి చేలు ఖాళీగా ఉన్నాయి, వాన కోసం ఎదురుచూడటం తప్ప పెద్దగా పని లేదు. 2025లో మార్చి 2న మొదలైంది. పల్నాడు జిల్లాలో, సత్తెనపల్లి దగ్గర, నాగార్జునసాగర్ కుడి కాలువ కింద మిర్చి వేసుకునే మావంటి కుటుంబాలకు అది కోతలు, ఆరబోత, తాలు (నాసి కాయ) ఏరడం, గుంటూరు మిర్చి యార్డు ప్రయాణం అన్నీ ఒక్కసారే మీద పడే కాలం. మా మామయ్యకు కోతల నడుమ ఉపవాసాలు రావడం ఇది రెండో విడత. ఈ నెల తిరిగి అదే రుతువుకు రావడానికి సుమారు 33 ఏళ్లు పడుతుంది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన తరువాత నాకిది మొదటిది.

ఇంట్లో తెలుగే మాట్లాడుకునే నూర్‌బాషా ముస్లిం కుటుంబం మాది. చేలో పనిచేసే కూలీలు ఆదోని వైపు నుంచి వలస వచ్చినవారు, మా ముఠాలో ఉపవాసం ఉండేవారెవరూ లేరు. అందుచేత పని వేళలను మా ఉపవాసానికి అనుగుణంగా మార్చే ప్రసక్తి లేదు, మార్చాలని మేము కోరుకోనూ లేదు. తెల్లవారుజామున 5 గంటలు దాటీ దాటకముందే సహరీ (ఉపవాసానికి ముందు తినే భోజనం) ముగించి, ఫజర్ నమాజు చేసుకుని, నేనూ అత్తమ్మా ఏడింటికల్లా చేలో ఉండేవాళ్లం. సహరీకి పచ్చళ్లు, కారప్పొడి వడ్డించడం ఆ నెలంతా మానేశాము, ఉప్పూ కారమూ తిని ఎండలో నిలబడితే పది గంటలకే నాలుక పిడచకట్టుకుపోతుంది. చివర పెరుగన్నం తిని లేవడమే మంచిదని అత్తమ్మ ముందే చెప్పారు. మధ్యాహ్నం కూలీలు చెట్టు కింద సద్ది విప్పుకునే వేళకు మేము పక్కన జుహర్ నమాజు చేసుకునేవాళ్లం. వారికి తాగునీటి బిందె నింపి ఉంచడం నా పని. ఎవరైనా మొహమాటపడి దూరంగా వెళ్లి తినబోతే మామయ్య వారిని వెనక్కి పిలిచి నీడలోనే కూర్చోబెట్టేవారు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టినది దాహం కంటే మిర్చి ఘాటు. ఎండిన కాయను తిరగేసేటప్పుడు, తాలు వేరు చేసేటప్పుడు లేచే దుమ్ము ముక్కులో, గొంతులో మండుతుంది. ఆ మంటకు గుక్కెడు నీళ్లు తాగే వీలు ఉండదు. నోట్లోకి కారపు రుచి తగిలినప్పుడల్లా ఉపవాసం చెడిందేమోనన్న బెంగ ఒకటి. ఈ సంగతి మా మసీదు ఇమాం గారిని మామయ్య చేత అడిగించాను. మనిషి కావాలని మింగనిదీ, తప్పించుకోవడానికి వీలులేనిదీ అయిన దుమ్ము గొంతులోకి పోయినా రోజా చెడదని, పిండి మర దగ్గర పనిచేసేవారి విషయంలో మేము అనుసరించే హనఫీ సంప్రదాయపు ధర్మశాస్త్ర పండితులు ఎన్నో శతాబ్దాల కిందటే ఈ మాట స్పష్టం చేశారని ఆయన వివరించారు. ఆ రోజు నుంచి ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని నిశ్చింతగా పనిచేశాను. నా ప్రశ్న కొత్తది కాదనీ, నాకంటే ముందు ఎందరో శ్రామికులు ఇదే అడిగి సమాధానం పొందారనీ తెలియడం నాకెంతో ధైర్యమిచ్చింది.

నెలసరి రోజుల్లో స్త్రీలకు ఉపవాసం ఉండదు, వదిలినవాటిని రంజాన్ తరువాత పూర్తిచేసుకోవాలి. చేలో పని మాత్రం ఆ రోజుల్లోనూ ఉండనే ఉంటుంది. ఈ విషయం మన ఇళ్లలో ఎవరూ పైకి చెప్పరు కానీ, కోతల కాలంలో ఉపవాసం గురించి రాసేటప్పుడు దాన్ని విడిచిపెట్టడం సరికాదని నా అభిప్రాయం.

సాయంత్రాలు మరొక చిక్కు. ఆరబోసిన కాయ మీద రాత్రి మంచు పడితే రంగు చెడుతుంది, బూజు పడుతుంది. అందువల్ల పొద్దు గూకకముందే కాయను కుప్పలుగా నెట్టి పట్టాలు కప్పాలి. ఇఫ్తార్ సమయం సరిగ్గా అప్పుడే, ఆరుంబావు దాటగానే. ఖర్జూరం, నీళ్లు కల్లం దగ్గరికే తెచ్చుకుని, మగ్రిబ్ అజాన్ వినపడగానే పట్టా అంచు పట్టుకున్నవారు పట్టుకున్నట్టే ఉపవాసం విరమించి, అక్కడే నమాజు ముగించి ఇల్లు చేరేవాళ్లం. రాత్రి కుప్పకు కాపలా ఉండవలసిన మా వారు తరావీహ్‌కు (రంజాన్ రాత్రుల్లో చేసే ప్రత్యేక నమాజు) మసీదుకు వెళ్లలేక, కల్లం గట్టు మీదే చాప పరచుకుని ఒంటరిగా చేసుకునేవారు.

వీటన్నింటికంటే మా ఇంట్లో ఎక్కువ ఆలోచనకు గురైనది ఉష్ర్. పంట మీద విధిగా ఇవ్వవలసిన దానం ఇది. కోత రోజునే దాని హక్కు చెల్లించమని ఖుర్ఆన్‌లో అన్‌ఆమ్ అధ్యాయం 141వ వాక్యం చెబుతుంది. వాన నీటితో, శ్రమ లేకుండా అందే నీటితో పండితే పదో వంతు. రైతు శ్రమించి, ఖర్చుపెట్టి నీరు తోడుకుంటే ఇరవయ్యో వంతు. మాది కాలువ కిందే అయినా చేను మెరకలో ఉన్నందున ఇంజను పెట్టి నీరు ఎక్కించుకుంటాము కనుక ఇరవయ్యో వంతు వర్తిస్తుంది. నిల్వ ఉండే ఆహార పంటలకే ఇది వర్తిస్తుందనే అభిప్రాయం కొన్ని న్యాయ సంప్రదాయాల్లో ఉంది. మేము అనుసరించే ఇమాం అబూ హనీఫా అభిప్రాయం ప్రకారం మిర్చికీ ఇవ్వాలి.

ఆ ఏడు ఇవ్వడం తేలిక కాదు. అంతకు రెండేళ్ల ముందు క్వింటా 20 వేలు దాటి అమ్మిన కాయ, 2025 ఆరంభానికి సగానికి దగ్గరగా పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది. విత్తనం, పురుగుమందులు, కోత కూలి, కమీషన్ వ్యాపారి దగ్గర తెచ్చిన పెట్టుబడి అన్నీ తీసివేసి, మిగిలినదాని మీద ఇరవయ్యో వంతు ఇద్దామని మా వారు అన్నారు. ఆ మాటలో అన్యాయమేమీ నాకూ కనిపించలేదు. అయితే ఇరవయ్యో వంతుకు తగ్గించినదే నీటి ఖర్చును దృష్టిలో పెట్టుకుని కాబట్టి, హనఫీ సంప్రదాయంలో సాగు ఖర్చులు తీసివేయకుండా మొత్తం పంట మీదే లెక్కిస్తారని ఇమాం గారు చెప్పారు. మా వారు చాలాసేపు మౌనంగా ఉండి, చివరికి సరేనన్నారు.

లెక్క పచ్చి కాయ మీద కాదు, ఎండిన తరువాతి తూకం మీద వేసుకున్నాము. కోసిన కాయ ఎండేసరికి నాలుగో వంతుకు అటూ ఇటూగా తేలుతుంది. టిక్కీలు (మిర్చి బస్తాలు) నింపేటప్పుడు ప్రతి ఇరవయ్యోదాన్ని పక్కకు తీసి, మూతికి ఆకుపచ్చ దారం కట్టాము. ఇక్కడ అత్తమ్మ ఒక మాట పట్టుబట్టారు. తాలు కాయకు యార్డులో ధర పలకదు కనుక ఉష్ర్ టిక్కీలో దాన్ని కాస్త కలిపితే ఏమన్న ఆలోచన వచ్చినప్పుడు, "అమ్ముకునే కాయ ఒకటి, అల్లా పేరున ఇచ్చే కాయ ఇంకొకటి అంటే ఎట్టా అమ్మాయ్?" అన్నారు. మీరు స్వయంగా తీసుకోవడానికి ఇష్టపడని నాసి వస్తువును దానానికి ఏరవద్దని బఖరా అధ్యాయం 267వ వాక్యం చెప్పేది అదే. అక్షరాలు రాని ఆమెకు ఆ వాక్యం సంఖ్య తెలియదు, దాని సారం మాత్రం చేతుల్లో ఉంది. మంచి కాయ, మధ్యరకం కాయ మా టిక్కీల్లో ఏ పాళ్లలో ఉన్నాయో వాటిలోనూ అదే పాళ్లలో నింపాము.

కూలీలకు పండుగ పూట అదనంగా ఇద్దామనుకున్నది ఉష్ర్ లెక్కలోకి రాదని కూడా అప్పుడే తెలుసుకున్నాను. పనికి ప్రతిఫలంగా ఇచ్చేది దానం కాదు. చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న ప్రవక్త మాటను మామయ్య గట్టిగా పాటిస్తారు. యార్డులో కాయ అమ్ముడుపోక డబ్బు అందని వారంలో కూడా అప్పు తెచ్చి శనివారం కూలి చెల్లించారు.

సరుకుతో గుంటూరు వెళ్లిన రోజుల్లోనూ మా వారు ఉపవాసం విడవలేదు. ప్రయాణికుడికి మినహాయింపు ఉన్నా, దానికి చెప్పే దూరం దాదాపు 77 కిలోమీటర్లు. మా ఊరి నుంచి గుంటూరు అందులో సగం కూడా ఉండదు. దారం కట్టిన టిక్కీలలో కొన్నింటిని అదే ధరకు అమ్మి డబ్బు వేరుగా కట్టి తెచ్చారు. మిగిలిన కాయను ఊళ్లో భర్తను కోల్పోయిన ఇద్దరు స్త్రీల ఇళ్లకు ఏడాది కారానికి సరిపడా ఇచ్చి, డబ్బును అప్పుల్లో ఉన్న ఒక దర్జీ కుటుంబానికి, ఇంకా పేద ఇళ్లకు పండుగకు ముందే అందజేశాము.

ఆ ఏడు మార్చి 30న ఉగాది, 31న రంజాన్ పండుగ. కోతలు అప్పటికి పూర్తికాలేదు. కూలీలు రెండు రోజులు పని ఆపి ఉగాది పచ్చడి చేసుకున్నారు, మరునాడు మా ఇంట సేమ్యా తాగి ఏప్రిల్ 1న మళ్లీ చేలోకి దిగారు. చివరి కోత కాయ, ధర కోసం శీతల గిడ్డంగిలో పెట్టినది, వీటి ఉష్ర్‌ను మామయ్య నోటు పుస్తకంలో వేరుగా రాసి ఉంచారు. అది అమ్ముడుపోయినా పోకపోయినా ఆ టిక్కీలు మావి కావని ఇంటిల్లిపాదికీ చెప్పారు. నాకు మిగిలిన ఉపవాసాలను జూన్‌లో, చేలు ఖాళీ అయ్యాక పూర్తిచేశాను.